పేరు లేని గడి

2021 మే. రెండో వేవ్. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉండి, మా వంశవృక్షాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. నాయనమ్మ చెప్తుంటే నేను టైప్ చేయడం. ముత్తాత దగ్గరికొచ్చేసరికి ఆగాం.

"మా అత్త రెండో సంబంధం బిడ్డా. మొదటామె జ్వరాల ఏడు పోయిందట. ఇంట్ల అందరు పడితే ఆమెనే గంజి కాచి పోసిందట. అందరు లేసిన్రు, ఆమె పడ్డది."

పేరేంటి? నాయనమ్మకి తెలీదు.

తాత వయసుని బట్టి లెక్కేస్తే అది 1918 చుట్టుపక్కలే అవుతుంది. ఆ ఏడు జూన్‌లో బొంబాయిలో మొదలైన ఇన్‌ఫ్లుయెంజా, సెప్టెంబరులో రెండోసారి విరుచుకుపడింది. దేశంలో కోటికి పైగా జనం పోయారు. పోయినవాళ్ళలో 20 నుంచి 40 ఏళ్ళ వయసు వాళ్ళే ఎక్కువ.

కోవిడ్ చార్టులు రోజూ చూస్తున్న రోజులవి. చాలా దేశాల్లో నమోదైన మరణాల్లో మగవాళ్ళే ఎక్కువ. 1918లోనూ అంతే అయివుంటుందనుకున్నాను. అమెరికాలో అంతే. అప్పటికే క్షయ ఉన్న మగవాళ్ళు ఎక్కువమంది పోవడం ఒక కారణమంటారు. మన దేశంలో మాత్రం తిరగబడింది. ఇక్కడ ఆడవాళ్ళే ఎక్కువ పోయారు. 1911లో వెయ్యిమంది మగవాళ్ళకి 964 మంది ఆడవాళ్ళుంటే, 1921కి 955 అయ్యారు. ఈ తగ్గుదలంతా ఫ్లూ వల్లేనని అనలేం కానీ, దాని వాటా ఉంది.

ఎందుకిలా? ఆ ఏడు వానలు లేవు, ధరలు మండిపోయాయి. ఇంట్లో చివర తినేది, రోగుల పక్కన కూర్చునేది ఆడవాళ్ళే. చరిత్రకారులు చెప్పే కారణాలూ ఇవే. నాయనమ్మ వాటిని ఒక్క గంజి మాటలో చెప్పేసింది.

ప్రాంతాల తేడా కూడా తక్కువేం కాదు. పశ్చిమ, మధ్య భారతాల్లో మరణాలు భారీగా ఉన్నాయి. తూర్పుకీ దక్షిణానికీ వచ్చేకొద్దీ ఉధృతి తగ్గింది. 1911-21 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీ జనాభా కొద్దిగా పెరిగితే, నైజాం రాజ్యంలో కోటీ 33 లక్షల నుంచి కోటీ 25 లక్షలకి పడిపోయింది. అందులో కరువుకీ ప్లేగుకీ కూడా భాగముంది. అంటే, కోస్తాలో ఉన్న తెలుగువాళ్ళకీ మా పాలమూరు తెలుగువాళ్ళకీ ఆ పదేళ్ళు ఒక్కలా గడవలేదు. ఒక్క బొంబాయి నగరంలోనే చూడండి. వెయ్యికి యూరోపియన్లు 8 మంది పోతే, అంటరానివాళ్ళుగా చూడబడ్డ కులాల్లో 61 మంది పోయారు.

వైరస్‌కి ఆడా మగా, కులం, ఊరు తెలియవని కోవిడప్పుడు చాలాసార్లు విన్నాం. వైరస్‌కి తెలియకపోవచ్చు. ఎవరి గిన్నెలో ఎంత గంజి ఉందో, ఎవరు ఎవరికి సేవ చేయాలో మాత్రం ముందే తేలిపోయి ఉంటుంది.

హిందీ కవి నిరాలా భార్య మనోహరాదేవి కూడా ఆ జ్వరంలోనే పోయింది. భర్త పెద్ద కవి అయ్యాడు కాబట్టి ఆమె పేరు మనకి మిగిలింది. మా ఇంట్లో కవులెవరూ లేరు.

మామూలుగా ఖాళీ గడి కనిపిస్తే నల్ అని పెట్టి ముందుకెళ్ళిపోతాను, ఉద్యోగం నేర్పిన అలవాటది. ఈసారి పెట్టలేకపోయాను. నాయనమ్మ అన్నట్టే "మొదటామె" అని రాసి, సేవ్ చేశాను.