సిటీ హైస్కూల్: ఇమారత్ ఒకటి, జబాన్‌లు రెండు

హైదరాబాద్‌లో హైకోర్టుకు దగ్గర్లో, మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీని మనలో చాలామంది చూసే ఉంటారు. అది మొదట బడి. 19వ శతాబ్దపు దారుల్ ఉలూమ్ మదర్సా నుంచి తన తారీఖ్ మొదలైందని కాలేజీ చెప్పుకుంటుంది. విన్సెంట్ ఎష్ నక్షా గీసిన ఈ ఇమారత్‌లోకి సిటీ హైస్కూల్ 1921లో వచ్చింది. అదే ఏడు 30 మందితో ఇంటర్మీడియట్ పెట్టారు. 1929లో సిటీ కాలేజీ అయింది.

అప్పట్లో తాలీమ్ ఉర్దూలో. పై చదువులకు కావలసిన కితాబులను 1917లో పెట్టిన దారుల్ తర్జుమా తయారుచేసింది. దేశీ జబాన్‌లో సైన్సు కూడా చెప్పొచ్చని ఉస్మానియా రుజువు చేసింది. ఇది మనకు ఫఖ్ర్.

కానీ ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి లెక్క అర్థం కావాలంటే ముందు ఉర్దూ రావాలి. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేశాను. ఆ బరువు ఎలాంటిదో నాకు అటువైపు నుంచి తెలుసు.

ఇదే కాలేజీలో ఉర్దూ చెప్పిన మఖ్దూమ్ మొహియుద్దీన్ తర్వాత తెలంగాణ రైతుల పోరాటంలో తెలుగువాళ్లతో కలిసి నడిచారు. మన జబాన్ మీద మొహబ్బత్ ఉంటే పక్కవాళ్ల జబాన్ మీద నఫ్రత్ అక్కర్లేదు.

ఇవాళ మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. మాదరీ జబాన్‌లో చదువు మా హక్ అని అడిగేటప్పుడు, ఒకప్పుడు ఆ హక్ దొరకని తెలుగు పిల్లల్నీ యాద్ చేసుకుందాం. అప్పుడే మన మాటకు వజన్.