నీటిపై నాదము వ్రాసిన రేఖలు

తర్కశాస్త్రము చదివినవారికి వీచీతరంగన్యాయము పరిచితమే. చెఱువున రాయి వేసిన అలనుండి అల పుట్టి ఒడ్డు చేరునట్లు శబ్దము పరంపరగా చెవిని చేరునని నైయాయికుల మతము. ఆ యలలను కంటితో చూచుట యెట్లు? దళసరి లోహమును వెలుగు దూరజాలదు, ధ్వని దూరును. దూరి వెలువడిన ధ్వని లోపలి మర్మమును మోసికొనియే వచ్చును గాని, దానిని చదువుటకు లిపి కావలెను.

ఆ లిపి 1932లో దొరకినది. అమెరికాలో డిబై, సియర్సులును, ఫ్రాన్సులో లూకా, బికారులును చెవికందని అతిధ్వనిని ద్రవములోనికి పంపిరి. ద్రవము ఒకచోట దట్టమై, ఒకచోట పలుచనై, గీతలు గీచిన పలకవలె నయ్యెను. అడ్డముగా వచ్చిన వెలుగు ఆ గీతలవలన పలుపాయలుగా చీలెను. ఆ చీలికకు 1935–36లో సి. వి. రామనుగారును నాగేంద్రనాథుగారును బెంగుళూరున గణితము కట్టిరి.

ఇచ్చట మన కృష్ణామండలము కథలోనికి వచ్చుచున్నది. 1909లో ఆగిరిపల్లిలో జన్మించి, గుడివాడలో చదివిన సూరి భగవంతముగారు 1928లో కలకత్తాయందు రామనుగారి శిష్యులై, పిదప వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులైరి. 1948లో వారును బి. రామచంద్రరావుగారును మిక్కిలి హెచ్చు పౌనఃపున్యముగల అతిధ్వనులను పరీక్షించి, తరంగమును వెలుగునకు కొంచెము వాల్చినచో పాయల కాంతి ఎట్లు మారునో ప్రకటించిరి. దళసరి తడికను వాల్చినపుడు సందుల వెంట వచ్చు ఎండ మారుట వంటిది. ఉపమానము స్థూలమే యనుకొనుడు. భగవంతముగారనగానే మనవారు ఉస్మానియా ఉపాధ్యక్షత్వమును, రక్షణశాఖ సలహాదారు పదవిని చెప్పుదురు. నాకు ఆ చిన్న ద్రవపాత్రయే పెద్దదిగా తోచును.

అదే 1948లో ఇంగ్లండున డెనిస్ గేబర్ హోలోగ్రఫీని ప్రకటించెను. వస్తువునుండి వచ్చు తరంగమును మఱియొక శుద్ధతరంగముతో కలిపినచో, ఏర్పడు గీతలలో తరంగము యొక్క బలమే గాక దాని నడకయు నిలుచును. దివిసీమ కాలువలలో రెండు పడవల అలలు కలిసి నీటిపై అల్లిక అల్లుట చూచినవారి కిది వింతగాదు. 1960లో లేసరు పుట్టెను. 1966లో అమెరికాలో ముల్లర్, షెరిడనులు నీటిలో రెండు అతిధ్వనులను కలిపిరి. అందొకటి వస్తువును తాకి వచ్చినది. నీటిపై లేచిన సన్నని ముడుతలపై లేసరు కాంతి పడి చీలగా వస్తువు రూపము కనబడెను.

భగవంతముగారే దీనిని కనిపెట్టిరనుట అత్యుక్తి. ధ్వని వ్రాసిన గీతను వెలుగు చదువు తీరును శోధించినవారిలో వారొకరు, అంతవఱకు నిజము. నేడు బందరు ఆసుపత్రులలో గర్భిణులకు చేయు స్కానింగు వేఱు. అందు వెలుగునకు పనిలేదు. యంత్రము ప్రతిధ్వనుల ఆలస్యమును లెక్కించి బొమ్మ గీయును.