హవాయి ద్వీపజలములలో ఆగంతుక జీవుల సర్వేక్షణము

ఒక సముద్రమునకు సహజములు గాక, ఓడలవెంటనో మానవప్రయత్నమువలననో అన్యసముద్రముల నుండి వచ్చి స్థిరపడిన జీవులను ఆగంతుకములందురు. వానిలో స్థానికజీవుల నణచివేయుచు వ్యాపించునవి ఆక్రమణజాతులు. తీరజలములను క్రమపద్ధతిని శోధించి, ఏ జీవి యెచ్చట, ఎంతమేర నున్నదో, ఎప్పుడు వచ్చినదో నిర్ణయించుట ఈ సర్వేక్షణమునకు ప్రయోజనము. ఏ ఖండమునకైనను వేలకొలది కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రమధ్యమున నున్న హవాయి ద్వీపములందు మరెచ్చటను లేని జీవజాతులు పెక్కు పరిణమించుటచేతను, ఆ రేవులకు నౌకల రాకపోకలు ఎడతెగక సాగుటచేతను, ఈ శాస్త్రమునకు అచ్చట విశేషమైన అభివృద్ధి కలిగెను.

తొలి పరిశోధనలు : హొనొలూలూలో 1889లో నెలకొల్పబడిన బిషప్ మ్యూజియము, 1902లో ఈ ద్వీపముల చుట్టును సముద్రమును శోధించిన 'ఆల్బట్రాస్' అను అమెరికా నౌక, తరువాతివారికి ఆధారమగు నమూనాలను సేకరించినవి. ఆ మ్యూజియములోనే పనిచేసిన చార్లెస్ హోవర్డ్ ఎడ్మండ్‌సన్, రేవునీటిలో పలకలను వ్రేలాడదీసి, వానిపై ఏ జీవులు ఎంతకాలమున కంటుకొనునో పరిశీలించి, 1939లో సహరచయితతో గూడి ఆ ఫలితములను ప్రకటించెను. ఓడల యడుగున పేరుకొను జీవులను గూర్చి ఆనాడు వ్రాసిన పట్టికలే, మరి యర్ధశతాబ్దమునకు, ఏది పాతది, ఏది క్రొత్తది అను ప్రశ్నకు సాక్ష్యములైనవి.

ప్రవేశమార్గములు : 1950 ప్రాంతమున గ్వామ్ నుండి వచ్చిన యొక పడవ యడుగున నంటుకొని 'అకాంథోఫోరా' అను ముండ్లనాచు హవాయి చేరెను. మత్స్యసంపద పెంపొందునను సదుద్దేశముతో ప్రభుత్వమువారే 1956లో 'రోయి' అను చేపను సొసైటీ ద్వీపములనుండియు, 1958లో 'తాపే' అను పసుపుపచ్చని చేపను మార్కెసాస్ ద్వీపములనుండియు తెప్పించి విడిచిరి. తాపే కొన్ని దశాబ్దములలోనే ద్వీపమాల యంతటను వ్యాపించెను. 1970లలో సాగుకై కనెయోహే అఖాతమునకు తెచ్చిన 'కప్పాఫైకస్' నాచు పగడపుదిబ్బలపై దట్టమైన చాపవలె పరచుకొనెను. ఇదే నాచు మన దేశమున మన్నార్ సింధుశాఖయందలి కురుసడై ద్వీపమున పగడములను కప్పివేయుచున్నట్లు 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

పెర్ల్ హార్బర్ సర్వేక్షణము : 1996లో బిషప్ మ్యూజియము పరిశోధకులు పెర్ల్ హార్బరును సమగ్రముగా శోధించిరి. మునుగువాడు రేవుస్తంభముకడ నిలిచి, దానికి పొరలు పొరలుగా పట్టిన స్పంజికలను, ఆల్చిప్పలను, నాచును గీకి సంచిలో పట్టును. ఒడ్డున వానిని పళ్లెములో పోసి, ఒక్కొక్క ప్రాణిని వేరుచేసి, మద్యసారమున భద్రపరచి, ఆ యా జాతుల నెరిగిన పండితులకు పంపుదురు. దొరకినదానిని పూర్వపు పట్టికలతోను, మ్యూజియములోని పాతసీసాలతోను పోల్చినగాని పని ముగియదు. చింతగింజకన్న చిన్నదగు కరిబియన్ బార్నకిల్ ఒకటి, 1970లలో నౌకాదళము జరిపిన సర్వేలో కానరాకపోయి, 1990ల మధ్యమున అలలు తాకు రాళ్లపై తెల్లగా గుంపులు గట్టి కనబడుటచేత, ఈ నడిమికాలముననే వచ్చినదని తేలెను. అట్లే కరిబియన్ ప్రాంతపు ఆల్చిప్ప 'మైటిలాప్సిస్' 1967లో విశాఖపట్నపు రేవున కనబడగా, దానిని గూర్చి ఆంధ్ర విశ్వవిద్యాలయపు పి. ఎన్. గణపతి ప్రభృతులు వ్రాసిరి.

జన్మభూమి తెలియని జీవులు : పురాతనకాలమునుండి ఓడలు తిరిగిన సముద్రములందు కొన్ని జీవులు స్వదేశీయములో పరదేశీయములో చెప్పుటకు వీలుగాదు. ఇట్టివానికి ప్రత్యేకవర్గము నేర్పరచుట అవసరమని జేమ్స్ కార్ల్‌టన్ 1996లో ప్రతిపాదించెను. ఆయనయు లూసియస్ ఎల్డ్రెడ్జియు 2002లో ప్రకటించిన గణనలో హవాయి సముద్రజలముల ఆగంతుకజాతులు 343. అందు 287 అకశేరుకములు, 24 నాచులు, 20 చేపలు, 12 పుష్పించు మొక్కలు.

ఇటీవలి కాలము : సర్వేక్షణము నివారణకు దారితీసెను. కనెయోహేలో నాచును నీటితోగూడ పీల్చివేయు యంత్రములను వినియోగించి, అనంతరము దానిని మేయు స్థానిక అర్చినులను పెంచి దిబ్బలపై విడుచుచున్నారు. వాయవ్యద్వీపముల రక్షితప్రాంతమును ప్రవేశింపదలచిన నౌకల యడుగుభాగములను ముందుగా పరీక్షింతురు. అయినను 2016లో ఆ ప్రాంతపు మనవాయి పగడపుదీవికడ అదివరలో నెవ్వరును చూడని యొక యెఱ్ఱనాచు కనబడి, కొలది యేండ్లలో విస్తారముగా పగడములను కప్పివేసెను. 2020లో దానికి 'కాండ్రియా ట్యుములోసా' అని నామకరణము చేసిరి. లోకమున మరెచ్చటను అది యంతకుముందు నమోదు కాకపోవుటచే, దానిని ఆగంతుకమనుటకును స్వదేశీయమనుటకును ఆధారము లేకపోయెను. పూర్వులు చూచి వ్రాసియుంచిన చోట నొక చిన్న బార్నకిల్ రాకయు తెలిసినది. పట్టిక లేనిచోట, దిబ్బనంతను కప్పిన నాచు సైతము ఎక్కడిదో తెలియక నిలిచినది.