టాలీ హో కిస్సా: చెక్క మారింది, జహాజ్ మారలేదు

మా ఇంట్లో ఒక తఖ్త్ ఉండేది. మా దాదా చేయించింది. నాకు ఊహ తెలిసేసరికే దాని రెండు కోళ్లు మార్చారు. తర్వాత అబ్బా పైపలకలు మార్పించారు. అయినా ఎవరైనా మెహమాన్ వస్తే అమ్మీ "దాదా తఖ్త్ మీద కూర్చోండి" అనేది. ఇల్లు మారేటప్పుడు దాన్ని కబాడీ అతనికి తూకానికి ఇచ్చేసింది నేనే. "ఇందులో దాదా కాలం నాటి ముక్క ఏదుంది?" అని దలీల్ ఇచ్చిందీ నేనే. అమ్మీ జవాబివ్వలేదు. ఆ ఖామోషీ నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

టాలీ హో అనే పాత రేసింగ్ పడవ తారీఖ్ చదువుతుంటే ఆ తఖ్తే గుర్తొచ్చింది. దీని మరమ్మత్తు కిస్సా యూట్యూబ్‌లో లక్షల మంది చూశారు. మరమ్మత్తు అనే మాట అరబీ నుంచి, లంగరు ఫార్సీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. సముద్రాన్ని చూడని రాయలసీమ రైతు కూడా ఈ మాటలు వాడతాడు. కాబట్టి ఇంగ్లాండ్ పడవ సంగతి మనకెందుకు అనుకోకండి.

ఈ పడవ నక్షా గీసినాయన పేరు ఆల్బర్ట్ స్ట్రేంజ్. ఆయన అస్లీ పేషా పడవలు కట్టడం కాదు. స్కార్‌బరో అనే ఊళ్లో చిత్రకళ నేర్పే బడికి పెద్ద ఉస్తాద్. బొమ్మలు వేయడం ఆయన రోజీ, పడవల నక్షాలు గీయడం ఆయన షౌక్. చేపల వేట నౌకల యజమాని చార్లెస్ హెల్లియర్ కోసం ఆయన గీసిన పడవను 1910లో దక్షిణ ఇంగ్లాండ్‌లోని షోరమ్‌లో స్టో అండ్ సన్ కార్ఖానా కట్టింది. పొడవు 47 అడుగుల పైచిలుకు. మొదట పెట్టిన పేరు బెట్టీ. పోటీల్లో ఉరకడానికే పుట్టిన పడవ కాదది, ఎంత కఠిన సముద్రంలోనైనా మనిషిని సలామత్‌గా తిప్పి తేవడానికి కట్టింది. స్ట్రేంజ్ 1917లో కన్నుమూశారు. తన పడవకు దక్కిన షోహ్రత్ ఆయన చూడలేదు.

ఆ షోహ్రత్ 1927లో వచ్చింది. అప్పటికి పడవ లార్డ్ స్టాల్‌బ్రిడ్జ్ చేతిలో ఉంది. పేరు టాలీ హో అయింది. నక్కల షికారులో వేటగాళ్లు వేసే కేక అది. ఆ ఏడు ఆగస్టులో ఫాస్ట్‌నెట్ రేసు జరిగింది. ఇంగ్లాండ్ దక్షిణ తీరం నుంచి బయల్దేరి, ఐర్లాండ్ నైరుతి కొసన దీపస్తంభం ఉన్న ఫాస్ట్‌నెట్ శిలను చుట్టి, ప్లిమత్ చేరాలి. దారి 600 నాటికల్ మైళ్ల పైమాటే. ఆ రేసు 1925లోనే మొదలైంది. ఇంత చిన్న పడవలను ఇంత దూరం సముద్రంలోకి పంపడం సరికాదని వాదించేవాళ్లు అప్పట్లో చాలామంది.

ఆ ఏడాది తూఫాను వాళ్ల వాదనకు గవాహీ ఇచ్చినట్టే వచ్చింది. డజనుకు పైగా పడవలు బయల్దేరితే ఒక్కొక్కటీ చినిగిన తెరచాపలతో, నీళ్లు కారే అడుగులతో రేవుల్లోకి వెనుదిరిగాయి. రేసు పూర్తి చేసినవి రెండే. ఒకటి లా గొలెటా, అమెరికా వాళ్ల పెద్ద స్కూనర్. రెండోది టాలీ హో. లా గొలెటా గంట లోపు తేడాతో ముందు చేరింది. కానీ పడవ సైజును బట్టి సమయం లెక్క సరిచేసే కాయిదా ఒకటుంది. పెద్ద పడవ సహజంగానే వేగంగా పోతుంది కనుక చిన్నదానికి కొంత రియాయత్ ఇస్తారు. ఆ హిసాబులో గెలుపు టాలీ హోది. ముందు చేరినవాడికే ఇనామ్ అనుకునే మనకు ఇది వింతగా ఉంటుంది గానీ, తూకం వేసి చూస్తే ఇన్సాఫే.

ఆ తర్వాత తఖ్దీర్ తిరగబడింది. మాలికులు మారారు, పేర్లూ మారాయి. 1960ల చివర్లో పసిఫిక్ మహాసముద్రంలో, కుక్ దీవుల్లోని మనువాయె దగ్గర పగడపు దిబ్బ మీదికి ఎక్కింది. అక్కడే ముక్కలు కావలసింది, కానీ స్థానికులు లాగి బయటపడేశారు. ఫాస్ట్‌నెట్ విజేత చేపల పడవైంది. చివరికి అమెరికాలో ఓరెగన్ రాష్ట్రంలోని బ్రూకింగ్స్ రేవు చేరి, గట్టు మీద టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి పడి ఉంది. స్ట్రేంజ్ పేరున ఉన్న అభిమానుల సంఘం దాన్ని ముక్కలు కొట్టకుండా కాపాడుతూ, నిలబెట్టే మనిషి కోసం వెతికింది.

2017లో ఆ మనిషి దొరికాడు. లియో గూల్డెన్ అనే ఇంగ్లాండ్ పడవల కారీగర్ నామమాత్రపు ధరకు దాన్ని కొని, లారీ మీద వాషింగ్టన్ రాష్ట్రానికి తెచ్చాడు. చేతిలో దౌలత్ లేదు. చేస్తున్న పనిని వీడియోలు తీసి పెడితే, చూసినవాళ్లు పంపిన చిన్న చిన్న మొత్తాలే ఖర్చుకు ఆసరా అయ్యాయి. దూరదేశాల నుంచి వచ్చి పక్కన నిలబడి పని చేసినవాళ్లూ ఉన్నారు.

పని మొదలెట్టాక తెలిసింది, లోపలంతా పుచ్చిపోయిందని. అడుగున వెన్నెముకలా ఉండే దూలం పోయింది. పక్కటెముకల్లాంటి వంపు కొయ్యలు పోయాయి. కొత్త దూలానికి పర్పుల్‌హార్ట్ అనే ఊదారంగు గట్టి కలప వాడాడు. వంపు కొయ్యల కోసం జార్జియా రాష్ట్రానికి వెళ్లి లైవ్ ఓక్ మానులు కోయించి తెచ్చాడు. ఆ చెట్టు వంకరగానే పెరుగుతుంది. పడవ వంపుకు దాని సహజమైన వంపే బలం.

అసలు హునర్ వరుసలో ఉంది. అంతా ఒక్కసారి విప్పేస్తే ఆకారం పోతుంది. అందుకే పాత పలకలు పడవను పట్టుకుని ఉండగానే లోపల వంపు కొయ్యలు మార్చుకుంటూ వెళ్లాడు. కొత్త కొయ్యలు నిలిచాక, ఇక ఆకారాన్ని అవి కాపాడతాయి కనుక, పాత పలకలు తీసి కొత్తవి బిగించాడు. వెళ్లే చెక్క, వచ్చే చెక్కకు స్ట్రేంజ్ గీసిన గీతను అమానత్‌గా అప్పజెప్పి వెళ్లింది. ఏడేళ్ల మెహనత్ తర్వాత 2024లో పోర్ట్ టౌన్‌సెండ్ రేవులో టాలీ హో మళ్లీ నీళ్లలోకి దిగింది.

ఇప్పుడందులో 1910 నాటి కలప చాలా కొద్ది. మరి ఇది అస్లీనా, నకలా? ఈ బహస్ కొత్తది కాదు. థీసియస్ నౌక గురించి గ్రీకులు ఎప్పుడో పోట్లాడుకున్నారు. కలపే పడవ అనుకునేవాళ్లు దీన్ని నకలే అంటారు. వాళ్ల మాట తీసిపారేసేది కాదు, మ్యూజియంలో పెట్టే వస్తువుకు ఆ కొలతే సరైంది. కానీ వాడే వస్తువుకు ఇంకో కొలత ఉంది. సిల్సిలా తెగిందా లేదా అన్నది. టాలీ హోకి తెగలేదు. కొత్త కొయ్య ప్రతిదీ పాతదాని పక్కన నిలబడి, దాని కొలత తీసుకునే దాని జాగాలోకి వచ్చింది.

మా తఖ్త్ విషయంలో నేను చెప్పింది అబద్ధం కాదు. దాదా నాటి చెక్క నిజంగానే లేదు. గల్తీ ఏమిటంటే, నేను చెక్కను లెక్కబెట్టాను. ఆ కోళ్లు మార్చినప్పుడు దాదా బతికే ఉన్నారు, పలకలు మార్చినప్పుడు కోళ్లు అక్కడే ఉన్నాయి. తెంపింది కాలం కాదు, నేను.

మొన్న అమ్మీని కొలతలు అడిగాను. ఇప్పుడెందుకురా అంది. కాసేపటికి తనే గోడ దగ్గర నిలబడి, మోకాలి కింద చెయ్యి పెట్టి ఎత్తు చూపించింది. పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. మిస్త్రీని ఇంకా పిలవలేదు. చేయించినా దాన్ని దాదా తఖ్త్ అనను, ఆ హక్కు నేనే పోగొట్టుకున్నాను. ఎత్తు మాత్రం అదే ఉంటుంది.