పెటపోలి పంచ్

1632 సెప్టెంబరు 28న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్, పెటపోలిలో ఉన్న థామస్ కోలీకి ఒక ఉత్తరం రాశాడు. మీరంతా కలిసిమెలిసి ఉంటారనీ, కొలతలు పెట్టుకోకుండా పంచ్ తాగుతారనీ ఆశిస్తున్నానన్నాడు. ఇప్పటిదాకా దొరికిన ఇంగ్లీషు రాతల్లో పంచ్ అనే పానీయం పేరు కనిపించేది మొదట అక్కడే. పెటపోలి అంటే మన నిజాంపట్నం! ఆ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. లండన్ పబ్బుల చరిత్ర వెతుక్కుంటూ పోతే దారి బాపట్ల జిల్లా తీరానికి తీసుకొచ్చింది మరి.

పెద్దపల్లి అనే పాత పేరు తెల్లవాళ్ల నోట పెటపోలి అయింది. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ముందు ఇక్కడికి, ఆ తర్వాత మచిలీపట్నానికి వచ్చింది. వాళ్లకు కావలసింది మన అద్దకం బట్టలు. నెలల తరబడి సాగే ప్రయాణంలో బీరు పులిసిపోయేది, ద్రాక్షసారా నిండుకునేది. ఒడ్డున దొరికేది నాటుసారా. ఆ ఘాటు విరవడానికి నిమ్మరసం, చక్కెర, నీళ్లు, సుగంధ ద్రవ్యం కలిపారు. అన్నీ కలిపితే ఐదు.

ఐదు కాబట్టే పంచ్ అన్నాడు జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు. 1673లో మచిలీపట్నంలో దిగిన మనిషి ఆయన. ఈ దేశపు భాషలో పంచ్ అంటే ఐదు, అందులో పడేవీ ఐదే అని తన యాత్రాగ్రంథంలో రాశాడు. పంచామృతం, పంచభక్ష్యాలు, పంచాంగం అని నిత్యం అనుకునే మనకు ఇందులో వింతేమీ లేదు. అయితే ఒప్పుకోని పండితులూ ఉన్నారు. పాత వంటకాల్లో లెక్క ప్రతిసారీ ఐదుకు రాదనీ, ఓడల్లో వాడే పంచన్ అనే పీపా పేరే కురచై పంచ్ అయి ఉంటుందనీ వాళ్ల వాదన. నా మొగ్గు ఫ్రయర్ వైపే. మాట ఎక్కడిదైనా, ఉత్తరం మాత్రం మన ఊరికి వచ్చిందే.

ఇక పద్దెనిమిదో శతాబ్దపు లండన్. నన్ను వదిలేస్తే అక్కడే ఉండిపోతాను. 1731లో జేమ్స్ ఆష్లీ అనే వ్యాపారి సెయింట్ పాల్స్ చర్చి దగ్గర లడ్గేట్ హిల్ మీద పంచ్ హౌస్ తెరిచాడు. అప్పటిదాకా పంచ్ అంటే డబ్బున్నవాళ్ల సంబరం, పెద్ద పాత్రనిండా కలిపించుకోవాల్సిందే. ఆష్లీ ఆ లెక్క మార్చాడు. ఒక క్వార్ట్ కొలత దూరదేశపు సారాతో కలిపిన పంచ్ ఆరు షిల్లింగులు, అంతే రమ్ముతోనో బ్రాందీతోనో అయితే నాలుగు. అంత ఇచ్చుకోలేనివాడికి నాలుగున్నర పెన్నీలకే చిన్న గ్లాసుడు. ఆలస్యం ఉండదు, గ్లాసు వైను పోసినంతసేపట్లో పంచ్ చేతికొస్తుందని పత్రికల్లో ప్రకటించాడు. పంచ్ ధర తగ్గించి, పరువు పెంచి, అందరికీ అందించింది తానేనని చాటుకున్నాడు. చాటుకోదగ్గ పనే అది.

ఆ పాత్రల అందం చెప్పాలి. కొన్ని చైనా పింగాణీవి, కొన్ని వెండివి. పంచ్ తోడే వెండి గరిటెకు తిమింగలం నోట ఉండే బలీన్ పలకల పిడి, గరిటె అడుగున అతికించిన నాణెం. నిమ్మతొక్క పాత్ర అంచు మీంచి వేలాడుతుండేది. చిత్రకారుడు హోగార్త్ 1733లో అచ్చువేసిన ఒక బొమ్మలో ఆ తొక్కను ఇప్పటికీ చూడొచ్చు. పదకొండుమంది మగాళ్లు పంచ్ పాత్ర చుట్టూ ఒరిగిపోయి, తూలిపోయి ఉంటారు. గడియారం తెల్లవారుజామున నాలుగు చూపిస్తుంటుంది. అందరూ ఇలా తూలినవాళ్లే కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆక్సిజన్‌ను కనిపెట్టిన ప్రీస్ట్లీ ఉన్న ఒక మిత్రబృందం కాఫీహౌసులో కూడి తత్త్వశాస్త్రం మాట్లాడుకునేది. ఒకసారి అక్కడికి వెళ్లిన రచయిత బోస్వెల్, బల్లమీద వైనూ పంచూ ఉన్నాయని రాసి పెట్టాడు.

ఆ తీపి వెనక కన్నీళ్లున్నాయి. చక్కెరా రమ్మూ కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించి, కాయించి తెచ్చినవి. సారా మాట వింటే మనకూ గుండె కలుక్కుమంటుంది. లండన్‌లో ఆరు షిల్లింగుల విలాసమైన ఆ సరుకే మన పల్లెల్లో ఇళ్లు కూల్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడితేనే గదా, మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పంచ్ చరిత్ర రాసేటప్పుడు ఈ రెండు సంగతులూ మరవడం తప్పు.

లండన్‌లో ఆష్లీ తర్వాతి నూరేళ్లలో పంచ్ మూలపడింది. నవలాకారుడు డికెన్స్ 1850లో ఒక నవల ముగించేనాటికి, అందులో మికాబర్ అనే ఆయన నిమ్మకాయలు పిండుతూ పంచ్ కలపడం పాతకాలపు ముచ్చటే. పాత్ర పోయి ఎవరి గ్లాసు వాళ్లకొచ్చింది. ఆ శతాబ్దం చివర్లో కట్టిన పబ్బుల్లో చెక్క తడికెలు, చెక్కిన అద్దాలు పెట్టి మనుషుల్ని అంతస్తులవారీగా విడదీశారు. హోబర్న్‌లో ప్రిన్సెస్ లూయీజ్ పబ్బుకు వెళితే పాత తీరులో మళ్లీ కట్టిన ఆ అరలు చూడొచ్చు. లాంబ్స్ కాండ్విట్ స్ట్రీట్‌లోని లాంబ్‌లో బారు మీద చిన్న గాజు కిటికీలుంటాయి, తాగేవాడి ముఖం బారు అటువైపువాళ్లకు కనబడకుండా. పనితనం అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ ఒకే పాత్రలో గరిటె ముంచుకుని పక్కవాడికి పోసే మర్యాద వాటితో పోయింది, ఆ నష్టం చిన్నది కాదు.

పంచ్‌కు మన వైపు చుట్టం ఇంకొకటుంది. కల్లుకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు టాడీ. హిందీ తాడీ నుంచి వచ్చింది, మన తాడిచెట్టుకు బంధువు. ఆ మాట స్కాట్లండ్ చేరి, విస్కీలో వేణ్నీళ్లూ చక్కెరా కలిపిన చలికాలపు పానీయానికి పేరైంది. మంచు పడే సాయంత్రం లండన్ పబ్బులో హాట్ టాడీ అడిగేవాళ్లు తమకు తెలియకుండానే తాటిచెట్టు పేరు పలుకుతున్నారు.

పిల్లల దగ్గరికి లండన్ వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. తాగకపోయినా సరే, ఒక సాయంత్రం ఈ పబ్బుల కోసం ఉంచుకోండి, భోజనానికైనా వెళ్లొచ్చు. థేమ్స్ దక్షిణపు ఒడ్డున సదక్‌లో జార్జ్ ఇన్ ఉంది. 1676 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టింది. ముంగిటి చుట్టూ ఉన్న చెక్క వసారాల్లో చాలాభాగాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో రైల్వే కంపెనీ కూలగొట్టింది, మిగిలింది ఒక్క వైపే. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఫ్లీట్ స్ట్రీట్‌లో 1667లో మళ్లీ కట్టిన చెషైర్ చీజ్ చిన్న చిన్న చీకటి గదుల గూడు. నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్ కూర్చున్న చోటని అక్కడ చూపిస్తారు. ఆయన జీవితచరిత్ర రాసిన బోస్వెల్ మాత్రం ఆ పబ్బు పేరే ఎత్తలేదు.

అదే వీధి చివర, లడ్గేట్ హిల్ మొదట్లో, పంచ్ టావర్న్ ఉంది. దాని పేరు పానీయానిది కాదు, బొమ్మలాటలోని చేతిబొమ్మ మిస్టర్ పంచ్‌ది. 1841లో పుట్టిన పంచ్ పత్రికవాళ్లు అక్కడ కూడేవాళ్లు, దాంతో పాత పేరు పోయి ఇది నిలిచింది. ఆష్లీ పంచ్ కలిపిన గుట్ట మాత్రం దాని ఎదురుగానే ఉంది. అక్కడ కూర్చున్నప్పుడు నిజాంపట్నం ఉత్తరం సంగతి పక్కవాళ్లకు చెప్పండి. బ్లాక్‌ఫ్రయర్స్ స్టేషన్‌లో దిగితే నడక ఐదు నిమిషాలే.