ఆసనం వెనుక కుట్టు: తిరుపతి–చిత్తూరు రవాణాచరిత్రలో సీట్ల కుట్టుయంత్రం

వ్యాససంగ్రహం:

దక్షిణ రాయలసీమ రవాణాచరిత్రను రైలుమార్గాలు, ఘాట్‌రోడ్లు, బస్సుల ద్వారా చెప్పుకోవడం పరిపాటి. ప్రయాణికుడు కూర్చున్న ఆసనాన్ని కుట్టిన యంత్రం గాని, ఆ యంత్రాన్ని సరిచేసి నడిపిన చేయి గాని ఆ చరిత్రలో కనిపించవు. దూదేకుల వృత్తి, దర్జీ యంత్రం, రైల్వే ట్రిమ్మింగ్ షాపు అనే మూడు దశల నేపథ్యంలో సీట్ల కుట్టుయంత్రం స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ వృత్తిచరిత్ర ప్రధానంగా నిర్వహణ చరిత్రేననీ, ఆ జ్ఞానం యంత్రపు అమరికలలోనే నిక్షిప్తమై ఉన్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సీట్ల పని, కుట్టుయంత్రం, రెగ్జిన్, ట్రిమ్మర్, తిరుపతి, చిత్తూరు, నిర్వహణ.

1. ఉపోద్ఘాతం:

ఒక వృత్తికి భాషలో స్థిరమైన పేరు లేకపోతే చరిత్రలో దానికి చోటు దొరకడం కష్టం. కుమ్మరం, కమ్మరం, నేత, వడ్రంగం అనే మాటలు తెలుగులో వేళ్లూనుకొని ఉన్నాయి. బస్సు, రైలు, కారు ఆసనాలకు కుషన్లు అమర్చి, పై తొడుగులు కుట్టే పనికి మాత్రం అటువంటి పేరు లేదు. జనవ్యవహారంలో అది ‘సీట్ల పని’, ‘కుషన్ పని’. రైల్వే వర్క్‌షాపులలో ఆ విభాగం ‘ట్రిమ్మింగ్ షాపు’, అందులోని పనివాడు ‘ట్రిమ్మర్’. ఐటీఐ చదువులో అది ‘అప్‌హోల్‌స్టరర్’. ఒకే పనికి ఇన్ని పేర్లుండడం వల్ల దీని చరిత్రను ఒకచోట కూర్చడం ఇంతవరకు జరగలేదు.

ఈ పరిశీలనకు తిరుపతి, చిత్తూరు ప్రాంతం తగిన క్షేత్రం. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా నుండి 2022లో తిరుపతి జిల్లా వేరుపడింది. పరిపాలనలో రెండైనా, ఈ ప్రాంతపు ఆర్థికజీవనాన్ని ప్రయాణమే కలిపి ఉంచింది. యాత్రికులు రాని రోజు తిరుపతికి లేదు. అందువల్ల ఇక్కడ ఆసనం అరిగిపోవడం నిత్యకృత్యం. దానిని మళ్లీ కుట్టడమూ నిత్యకృత్యమే.

2. యంత్రానికి ముందు – దూది, దబ్బనం, గోనె:

మెత్తని ఆసనానికి రెండు పనులు అవసరం. లోపల నింపడం మొదటిది, పైన కప్పి కుట్టడం రెండవది. రాయలసీమలో మొదటి పనికి సంప్రదాయంగా దూదేకులవారు నిపుణులు. వింటినారితో దూదిని ఏకి, గడ్డలు విడదీసి, పరుపులలోనూ దిండ్లలోనూ సమంగా పరచడం వారి కులవృత్తి. బూరుగుదూది తేలికగా ఉంటుంది గాని త్వరగా అణగిపోతుంది. పత్తిదూది బరువు, కాలక్రమంలో గడ్డకడుతుంది. ఏ దూదిని ఎంత నింపాలి, ఎన్నాళ్లకు విప్పి మళ్లీ ఏకాలి అనే ఎరుక ఆ వృత్తికి ప్రాణం. ఒకసారి చేసి వదిలేసే పని కాదది, మళ్లీ మళ్లీ చేయవలసిన పని.

రెండవ పనికి సాధనం దబ్బనం. గోనెసంచులు, తోలు, మందపు గుడ్డలు కుట్టడానికి దబ్బనమూ పురికొసా సరిపోయేవి. జట్కాబండిలో గడ్డిపై గోనె పరచి కూర్చునే కాలంలో ఆసనానికి అంతకుమించిన కుట్టు అవసరం కాలేదు. చేతికుట్టులో పనివాడు ప్రతి పోటుకూ దారం బిగువును తన వేళ్లతోనే నిర్ణయిస్తాడు. యంత్రం వచ్చాక ఆ నిర్ణయం వేళ్ల నుండి మరలలోకి మారింది. అయితే ఆ మరను తిప్పి బిగువును కుదిర్చే వేళ్ల అవసరం మాత్రం తీరలేదు.

3. దర్జీ యంత్రం – దాని పరిమితి:

సూది మొనవద్ద కన్నం, కింద షటిల్, రెండు దారాల ముడి అనే లాక్‌స్టిచ్ విధానానికి ఎలియాస్ హో 1846లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఐజాక్ సింగర్ 1851లో తన యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 19వ శతాబ్ది చివరినాటికి సింగర్ యంత్రాలు భారతదేశంలో అమ్ముడవుతున్నాయి. వాయిదాల పద్ధతి వాటిని సామాన్య దర్జీకి చేరువ చేసింది. 1930ల మధ్యలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ‘ఉషా’ యంత్రాల తయారీని ప్రారంభించింది. యంత్రనాగరికతను తీవ్రంగా విమర్శించిన గాంధీజీ సైతం 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుయంత్రాన్ని మినహాయింపుగా పేర్కొన్నారు.

ఈ యంత్రం ఊరూరా చేరింది. కాని చొక్కా కుట్టే యంత్రం సీటు కుట్టలేదు. కారణం శక్తి ఒక్కటే కాదు, గుడ్డను జరిపే తీరు కూడా. సాధారణ యంత్రంలో కింది పళ్లు మాత్రమే గుడ్డను ముందుకు జరుపుతాయి. పైనున్న పాదం కేవలం అదిమి పట్టుకుంటుంది. రెండు పొరల పలుచని నూలుగుడ్డకు ఇది చాలు. రెగ్జిన్, దాని కింద ఫోము, ఆ కింద అస్తరు కలిస్తే కింది పొర కదులుతుంది, పై పొర పాదానికి అతుక్కొని వెనుకబడుతుంది. కుట్టు చివరికి వచ్చేసరికి ఒక పొర పొడుగు, మరొకటి పొట్టి అవుతాయి.

రెగ్జిన్ మూలతః ఇంగ్లండులోని హైడ్ పట్టణంలో తయారైన కృత్రిమ తోలుగుడ్డ పేరు. బ్రిటిష్ రైళ్లు, బస్సుల ద్వారా ప్రచారంలోకి వచ్చి, తెలుగులో ఆ జాతి గుడ్డలన్నిటికీ పేరైపోయింది. నూలుగుడ్డలో సూది పోగుల మధ్య దారి చేసుకుంటుంది, సూది వెళ్లాక పోగులు మళ్లీ దగ్గరవుతాయి. రెగ్జిన్‌పై పూతలో పడిన రంధ్రం పూడదు. కనుక దర్జీ అలవాటుగా వేసే దగ్గరకుట్టు ఇక్కడ శత్రువవుతుంది. తపాలా బిళ్ల అంచువలె రంధ్రాల వరుస ఏర్పడి, సీటు ఆ గీత వెంబడే చినుగుతుంది. దర్జీకి నైపుణ్యమైనది సీట్ల పనివాడికి దోషమైంది. ఈ రెండు వృత్తులు వేరుపడిన చోటు ఇదే.

4. రైలు, కొండదారి, బస్సు:

మద్రాసు నుండి అరక్కోణం, రేణిగుంటల మీదుగా సాగిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. 1891లో తిరుపతికి మీటరుగేజి రైలు వచ్చింది. 1944లో తిరుమలకు తొలి ఘాట్‌రోడ్డు, 1974లో రెండవ ఘాట్‌రోడ్డు ఏర్పడ్డాయి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అవతరించింది. 1955లో మద్రాసు పెరంబూరులో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ప్రయాణిక పెట్టెల మరమ్మతు కోసం 1980ల దశకంలో తిరుపతిలో క్యారేజ్ రిపేర్ షాపు నెలకొన్నది.

ఈ సంవత్సరాలను రవాణాచరిత్ర విస్తరణకు గుర్తులుగా చూస్తుంది. వృత్తిచరిత్ర దృష్టిలో ఇవి అరుగుదల పెరిగిన మైలురాళ్లు. నేలమీది ప్రయాణంలో శరీరభారం ఆసనంపై నిలువుగా పడుతుంది. కొండదారి మలుపులలో అది పక్కలకు ఊగుతుంది, ఆ ఒరిపిడిని మోసేది సీటు అంచుల కుట్టు. రైలుపెట్టెలో పగలు కూర్చునే బెర్తు రాత్రి పడకగా మారుతుంది, దాని ముందంచుపై కాళ్ల బరువు గంటల తరబడి నిలుస్తుంది. కనుకనే సీట్ల పనిలో ముందంచుకు పైపింగ్ పెట్టడం, లోపలి కుట్టుమీద మరొక పైకుట్టు వేయడం అలంకారం కోసం మాత్రమే కాదు. బరువును ఒకే గీతపై పడకుండా పంచడానికి అవి అవసరం.

రైల్వేలో పెట్టెలు నియతకాలంలో వర్క్‌షాపుకు వచ్చి పూర్తి మరమ్మతు పొందుతాయి. చక్రాలు, బ్రేకులతో పాటు బెర్తులూ విప్పబడతాయి. ట్రిమ్మింగ్ షాపు ఆ చక్రంలో భాగం. రోడ్డుమీది వాహనాలకు అటువంటి నియతి తక్కువ. టాక్సీ, జీపు, లారీ, ఆటోల సీట్లు చినిగినప్పుడే మెకానిక్ షెడ్ల పక్కనున్న చిన్న దుకాణాలకు వస్తాయి. మొదటిది గడువును బట్టి జరిగే పని, రెండవది చిరుగును బట్టి జరిగే పని. యంత్రం ఒకటే అయినా దాని జీవితం ఈ రెండు చోట్ల వేరుగా సాగింది.

5. యంత్రాన్ని నెలకొల్పడం:

సీట్ల పనికి తగిన యంత్రంలో మూడు కదలికలు కలుస్తాయి. కింది పళ్లు, సూది, లోపలి పాదం ఒక్కసారిగా సరకును జరుపుతాయి. పొరలలో గుచ్చుకున్న సూదే వాటిని పట్టుకొని ముందుకు నడుస్తుంది గనుక పొరలు జారవు. పాదాలు మార్చి మార్చి అడుగు వేసే తీరువల్ల దీనికి ‘వాకింగ్ ఫుట్’ అనే పేరు వచ్చింది. జర్మనీ, జపాన్ కంపెనీల ఈ తరహా యంత్రాలు ప్రపంచమంతటా ఈ రంగంలో ప్రసిద్ధం.

దీనిని నెలకొల్పడంలో మొదటి మెట్టు బల్ల. నేల సమంగా లేకపోతే బల్ల కంపిస్తుంది, కంపిస్తే బెల్టు పక్కకు లాగుతుంది. రెండవది మోటారు. పాత క్లచ్ మోటారు మీట వేసింది మొదలు పూర్తివేగంతో తిరుగుతూనే ఉంటుంది, పెడల్ నొక్కుడు క్లచ్‌ను పట్టిస్తుంది. దుస్తుల కర్మాగారంలో వేగం లాభం. సీటు మూల తిప్పేటప్పుడు అదే వేగం నష్టం. అందుకే అనుభవజ్ఞులు మోటారుకు చిన్న పుల్లీ వేసి వేగాన్ని తగ్గించి, బలాన్ని పెంచుకుంటారు. మూడు ఫేజుల మోటారు ఎదురుదిశలో తిరిగితే రెండు తీగలను తారుమారు చేస్తే సరిపోతుంది. ఆ పరీక్షను బెల్టు తగిలించకముందే చేయాలి.

తరువాతిది సూది, దారం, కుట్టు పొడవుల పొందిక. మామూలు సీటు పనికి 18 నుండి 22 నంబరు సూదులు, నైలాన్ లేదా పాలిస్టర్ దారం వాడుక. కుట్టు పొడవు సుమారు 4 నుండి 6 మి.మీ. సూది సన్నమై దారం లావైతే దారం కన్నంలో రాపిడికి తెగుతుంది. సూది లావై దారం సన్నమైతే రంధ్రం మిగిలి నీరు దిగుతుంది.

6. నిర్వహణ – చేతిలోని గ్రంథం:

ఈ వృత్తిలో పెద్దగా ఎంచబడే విద్య ‘టైమింగ్’ కుదర్చడం. సూది అట్టడుగుకు దిగి, సుమారు 2 మి.మీ. పైకి లేచినప్పుడు దారం చిన్న ఉచ్చుగా విప్పుకుంటుంది. ఆ క్షణంలో కింది హుక్కు మొన సూదికన్నానికి కాస్త పైగా, సూదిని తాకీతాకనట్లు సాగిపోవాలి. ముందుగా వస్తే ఉచ్చు ఇంకా ఏర్పడదు. ఆలస్యమైతే ఉచ్చు వాలిపోతుంది. రెండు సందర్భాలలోనూ కుట్టు తప్పుతుంది. మందపు సరకులో సూది ఒకసారి వంగి హుక్కును కొడితే చాలు, ఈ పొందిక చెదురుతుంది.

దోషాన్ని పట్టుకోవడంలోనూ ఒక క్రమం ఉన్నది. ముడి పైన కనిపిస్తే పైదారం బిగువు ఎక్కువ, లేదా బాబిన్ దారం వదులు. కింద కనిపిస్తే దానికి విపర్యయం. కుట్టు తప్పితే మొదట సూది మార్చి చూడాలి, ఆ తరువాత దారం దారి, చివరికే టైమింగ్. ఖర్చు తక్కువైన కారణం నుండి ఎక్కువైన కారణానికి వెళ్లే ఈ వరుస వైద్యుని నిదాననీతిని పోలి ఉంటుంది. దానిని తిరగేసినవాడు బాగున్న హుక్కును విప్పి, లేని దోషాన్ని తెచ్చుకుంటాడు.

ఫోము పొడి, నూలు పీచు హుక్కు చుట్టూ చేరి నూనెను పీల్చుకుంటాయి. ఎండాకాలపు దుమ్ము దానికి తోడవుతుంది. పలుచని యంత్రపు నూనె వాడవలసిన చోట కొబ్బరినూనె వేస్తే అది జిగురై కదలికను పట్టేస్తుంది. ఏడాదికొకసారి వచ్చే ఆయుధపూజను ఈ దృష్టితోనూ చూడవచ్చు. పసుపు కుంకుమలు పెట్టడానికి ముందు యంత్రాన్ని తుడిచి, పీచు తీసి, నూనె పెడతారు. ఆచారం ఇక్కడ నిర్వహణ పంచాంగంగా కూడా పనిచేసింది.

7. మారిన ఆసనం, లెక్కకు రాని వృత్తి:

గత రెండు దశాబ్దాలలో ఆసనమే మారింది. ఐసీఎఫ్ నమూనా పెట్టెల తయారీ 2018లో ఆగిపోయి, ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. నిప్పును అడ్డుకునే గుడ్డలు, ఫోము తప్పనిసరి అయ్యాయి. నగర రవాణాలో కుట్టు అవసరం లేని గట్టి ఆసనాలు వచ్చాయి. పెడల్ నొక్కినప్పుడే తిరిగే సర్వో మోటార్లు క్లచ్ మోటార్ల చోటు తీసుకుంటున్నాయి. 2016లో శ్రీసిటీలో ఇసుజు వాహన కర్మాగారం ప్రారంభమైంది. నేటి వాహన పరిశ్రమలో సీటు తొడుగు కొలతలు కంప్యూటరులో నిర్ణయమవుతాయి. అక్కడ కొత్త సీటు పుడుతుంది, పాత సీటు బాగుపడే చోటు మాత్రం ఇప్పటికీ వీధిలోని దుకాణమే.

ఆ దుకాణానికి ప్రభుత్వ జాబితాలలో స్థానమేమిటి? 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. వాటిలో దర్జీ ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు. సీట్ల పనివాడు పేరుతో లేడు. ఈ ముగ్గురి విద్యలనూ కొంత కొంత కలుపుకొన్న వృత్తి కావడమే ఆ లోపానికి మూలం. పథకంలో పనిముట్లకిచ్చే రూ. 15,000 వరకు సహాయం సాధారణ దర్జీ యంత్రానికి సరిపోవచ్చు, వాకింగ్ ఫుట్ యంత్రానికి చాలదు. పేరులేమి కేవలం భాషాసమస్య కాదనడానికి ఇది నిదర్శనం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, ఈ ప్రాంతంలో సీట్ల కుట్టుయంత్రాన్ని అవసరం చేసినది పరిశ్రమ కన్న ముందు యాత్ర. రెండు, దర్జీపనికీ సీట్ల పనికీ భేదం యంత్రబలంలో కన్న సరకు స్వభావాన్ని గుర్తెరగడంలో ఉన్నది. మూడు, దూదిని విప్పి మళ్లీ ఏకిన దూదేకుల సంప్రదాయం, రెగ్జిన్‌ను విప్పి మళ్లీ కుట్టే నేటి పని మూలసూత్రంలో ఒకటే. రెండూ వస్తువు ఆయువును పెంచే విద్యలు.

యంత్రాన్ని కనిపెట్టినవారి పేర్లు చరిత్రలో ఉన్నాయి. దానిని నాలుగైదు దశాబ్దాలు నడిపించినవారి పేర్లు లేవు. వర్క్‌షాపుల మరమ్మతు రిజిస్టర్లు, ఐటీఐ పాఠ్యప్రణాళికలు, విశ్రాంత ట్రిమ్మర్ల మౌఖిక కథనాలు, దుకాణాలలో వాడే వృత్తిపదాలు ఇకనైనా సేకరించవలసి ఉన్నది. వీటితో పాటు పాత యంత్రాన్ని కూడా ఆధారంగా చదవాలి. మార్చిన పుల్లీ, అరిగిన పాదం, పదేపదే తిప్పడంవల్ల గాడి పోయిన బిగువుమర – వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పనివాడు తీసుకున్న నిర్ణయానికి సాక్ష్యం. పాత యంత్రం ఇనుముకింద తూకానికి వెళ్లిన నాడు ఆ సాక్ష్యం కూడా దానితోనే పోతుంది.