పియానోకు ఊపిరి అక్కర్లేదు

2023 జనవరి 17. ముక్కనుమ రాత్రి. మూడు రోజులుగా గుడి దగ్గర మోగుతున్న మైకుసెట్టు ఇందాకే ఆగింది. చుట్టాల్లో సగం మంది సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు. మేడమీద చాప పరుచుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని పడుకున్నాను. సన్నగా మంచు కురుస్తోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్. ఫోన్‌లో ఈ రోజే విడుదలైన జపాన్ స్వరకర్త ర్యూయిచి సకమోటో ఆల్బమ్, ‘12’. ఈ రోజుతో ఆయనకు 71 ఏళ్ళు నిండాయి.

పాటలకు పేర్లు లేవు, తేదీలే ఉన్నాయి. మొదటిది 20210310. అంటే 2021 మార్చి 10. పెద్ద ఆపరేషన్ అయ్యి, ఆస్పత్రి నుంచి ఒక తాత్కాలిక నివాసానికి చేరాక ఆయన చెయ్యి సింథసైజర్ మీదికి వెళ్ళింది. ఏదో స్వరపరచాలని కాదట, శబ్దంలో తడవాలనిపించిందట. అప్పటినుంచి ఏడాదికి పైగా డైరీ రాసుకున్నట్టు రికార్డు చేసుకున్నవాటిలో పన్నెండు ఏరి మనకిచ్చారు.

మొదలుపెట్టాను. అలికిడి లేకుండా ఒక నాదం వచ్చింది, దాని వెనకాల ఇంకొకటి. తాళం లేదు. రెండు నిమిషాలు నా చెవి అలవాటు కొద్దీ దరువు కోసం వెతికింది, తర్వాత వెతకడం మానేసింది. కచేరీలో తంబురా ఒక్కటే మోగుతూ, పాడేవాళ్ళు ఇంకా నోరు తెరవని కాసేపు ఉంటుంది చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాసేపు. ఇక్కడ పాటంతా అదే. రెండో దాంట్లో పియానో వచ్చింది. ఒక మెట్టు నొక్కి, ఆ మోత పూర్తిగా సన్నగిల్లేదాకా ఆగి, అప్పుడు ఇంకొకటి.

మూడోది 20211201. ఇక్కడే ఉలిక్కిపడ్డాను.

ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నా పక్కనే. జలుబు చేసింది కదా, నాదేననుకున్నాను. సరిచూసుకుందామని ఊపిరి బిగబట్టాను. అయినా వినిపిస్తూనే ఉంది. లోపలికి, బయటికి, కాస్త బరువుగా. పియానో ముందు కూర్చున్న మనిషిది అది. రెండోసారి క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు అయిన మనిషిది.

వేణువుకు ఊపిరి కావాలి. నాదస్వరానికి కావాలి, పాటకు కావాలి. పల్లవి ఎత్తుకునే ముందు గాయకుడు తీసుకునే ఊపిరి కూడా పాటలో భాగమే. పియానోకు మాత్రం అక్కర్లేదు, వేళ్ళు చాలు. అందుకే ఈ ఊపిరి ఇంతగా వినిపిస్తోంది. మన సినిమా పాటల రికార్డింగుల్లో ఊపిరి కాస్త గట్టిగా పడితే మిక్సింగ్‌లో తగ్గించేస్తారు, తీసేస్తారు. ఆస్కార్ అందుకున్న స్వరకర్త, ఎలక్ట్రానిక్ పాప్ తొలి రోజుల నుంచీ ఉన్నవాడు, ఆయనకు దాన్ని తీసేయడం ఒక లెక్కా? ఉంచారు. ఉంచాలనే ఉంచారని నా నమ్మకం. 2011 సునామీలో మునిగి శ్రుతి చెడిన పియానోను వెతుక్కుంటూ వెళ్ళి, దాని మోతను 2017 నాటి ‘అసింక్’లో వాడుకున్న మనిషి కదా. నేను ఆయన్ను ప్రేమించడం మొదలుపెట్టింది ఆ పియానో దగ్గరే.

కాసేపటికి నాకు తెలియకుండానే ఆయన ఊపిరికి నా ఊపిరి సరిపెట్టుకుంటున్నాను. నా మామూలు ఊపిరి కన్నా కాస్త పొడుగ్గా, కాస్త నెమ్మదిగా. స్వరం కన్నా ముందు ఆయన ఊపిరే వస్తోంది. ఊపిరి వినపడితే చాలు, ఇంకో మెట్టు నొక్కబోతున్నారని ఎదురుచూస్తున్నాను.

మధ్యలో కొన్ని పాటలు నా మీదుగా వెళ్ళిపోయాయి, అన్నీ ఒకేలా పట్టుకోలేదు. 2022 మార్చి 2న రెండు ఉన్నాయి. అందులో ఒకదానికే తేదీ పక్కన ‘సరబాండ్’ అని చేర్చారు. పాతకాలపు ఐరోపా నాట్యం అది, మూడు మాత్రల నెమ్మది నడక. ఆయన చిన్ననాటి నుంచీ ఆరాధించిన బాఖ్ పోలిక కనిపించింది.

2023 మార్చి 28న ఆయన వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఈ ఆల్బమ్‌ను వీడ్కోలుగా తప్ప వినడం ఎవరికీ చేతకావడం లేదు, నాకూ అంతే. కానీ ఆ రాత్రి అలా వినలేదు. ఒక మనిషి బతికి ఉన్న చప్పుడుగా విన్నాను. అది నా దగ్గర పోకుండా ఉండాలనే ఇదంతా రాస్తున్నాను.

పన్నెండోది మొదలైంది. పియానో లేదు, ఊపిరీ లేదు. పింగాణీ ముక్కలు ఒకదానికొకటి తగులుతున్నట్టు చిన్న గలగల, అంతే. ఫోన్ ఎత్తి తేదీ చూశాను. 20220304. దీనికి ముందుది ఏప్రిల్ నాలుగోది. వరసగా వచ్చిన డైరీ ఆఖరి పేజీలో ఒక నెల వెనక్కి నడిచింది. ఎందుకో ఆలోచిస్తుండగానే అయిపోయింది.

గలగల మాత్రం ఆగలేదు. ఇయర్‌ఫోన్స్ తీశాను. కింద కొట్టంలో ఆవు మెడ తిప్పుతోంది. కనుమ నాడు కట్టిన మువ్వల పట్టెడ ఇంకా విప్పలేదు. చాలాసేపు అలాగే వింటూ ఉండిపోయాను. తర్వాత దుప్పటి సర్దుకుని, మళ్ళీ మూడోది పెట్టుకున్నాను.